బొమ్మల చలనచిత్రములందు స్వీయచరిత్ర

స్వీయచరిత్ర యనగా నెట్టిదను ప్రశ్నకు సాహిత్యవిమర్శకులు చిరకాలముగా సమాధానములు చెప్పుచున్నారు. కందుకూరి వీరేశలింగము పంతులుగారి స్వీయచరిత్రము మొదలుకొని నేటివరకు తెలుగున వెలువడిన ఆత్మకథలను మనము వచనగ్రంథములుగానే చదువుకొనుచున్నాము. తన కథను తాను చెప్పుకొనుటకు అక్షరమే సాధనమన్న భావము మనలో స్థిరపడియున్నది. కాని గడచిన యర్ధశతాబ్దములో పలుదేశముల కళాకారులు తమ జీవితకథలను బొమ్మలుగా గీసి, ఆ బొమ్మలకు చలనము కల్పించి, తెరపై ప్రదర్శించుచున్నారు. లోకవ్యవహారమున యానిమేషన్ అని పిలువబడు నీ కళ పిల్లల వినోదమునకే తగినదన్న తలంపు విద్యాలయములలో నింకను పూర్తిగా తొలగిపోలేదు.

ఈ వ్యాసమున మేము రెండు విషయములను ప్రతిపాదింపదలచితిమి. మొదటిది: ఇట్టి చిత్రములు స్వీయచరిత్ర లన్న పేరునకు సర్వవిధముల నర్హములు. రెండవది: ఒకరి బొమ్మను పూర్తిచేయు హక్కు ఎవరిదను ప్రశ్న వీని కన్నింటికిని మూలమున గలదు, ఆ ప్రశ్నను తెలుగు స్త్రీలు తమ రామాయణపు పాటలలో ముందే వేసియున్నారు.

1. లక్షణ విచారము

ఫ్రెంచి విమర్శకుడు ఫిలిప్ లెజూన్ 1975లో ప్రకటించిన గ్రంథమున స్వీయచరిత్రకు ప్రసిద్ధమైన యొక లక్షణము చెప్పెను. గ్రంథకర్త, కథకుడు, కథానాయకుడు – ఈ ముగ్గురును ఒక్కరే యగుట దానికి ప్రాణము. ముఖపత్రముపై నున్న పేరు ఆ యేకత్వమునకు పూచీ. పాఠకుడు ఆ పూచీని నమ్మి గ్రంథమును చదువును. పుస్తకము విషయమున నీ లక్షణము చక్కగా సరిపోవును.

చలనచిత్రము విషయమున నొక చిక్కు గలదు. దీనిని ఎలిజబెత్ బ్రస్ అను విమర్శకురాలు 1980లో వెలువడిన యొక వ్యాసమున విచారించెను. కెమెరా వెనుక నున్నవాడు చూచువాడు. దాని ముందున్నవాడు చూడబడువాడు. వచనమున ‘నేను’ అను నొక్క మాటలో ఇమిడియుండు నీ యిరువురును తెరపై విడిపోవుదురు. కావున స్వీయచరిత్రకు ఆధారమైన ఏకత్వము చలనచిత్రమున నిలుచుట కష్టమని యామె వాదసారము.

ఈ యాక్షేపణ కెమెరాతో తీసిన చిత్రమునకు తగిలినంతగా బొమ్మల చిత్రమునకు తగులదని మా యభిప్రాయము. ఇచట కెమెరా ముందు నిలుచు దేహము లేదు. గీయు చేయి కలదు. ఆ చేతినుండి పుట్టిన రూపము కలదు. దస్తూరి వ్రాసినవానిని పట్టియిచ్చినట్లు, గీత గీసినవానిని పట్టియిచ్చును. ‘నేను’ అని వ్రాయుటకును, తన రూపమును తాను గీయుటకును నడుమ దూరము స్వల్పము.

ఛాయాచిత్రమునకు గల సాక్ష్యబలము బొమ్మకు లేదుగదా యని కొందరు శంకింపవచ్చును. నిజమే. కాని వచనమునకు మాత్రమా బలమెక్కడిది? వీరేశలింగము పంతులుగారు చెప్పిన యుదంతములను మనము నమ్ముట వాని ఛాయాచిత్రములు చూచుటచేత గాదు. చెప్పినవారి మాటయందలి విశ్వాసముచేత. పైగా బొమ్మ తాను కల్పితమన్న సంగతిని దాచదు. చూచువాడు, ఇది యొకరు గీసినదన్న యెఱుకతోనే చూచును. తన్ను గూర్చి తాను చెప్పుకొను ప్రతి కథయందును కొంత కూర్పు తప్పదు. ఆ కూర్పును బాహాటముగా నొప్పుకొను ప్రక్రియ యిది.

2. చిత్రకారుని చేయి

బొమ్మల చలనచిత్రము పుట్టిన తొలినాళ్లలోనే చిత్రకారుని చేయి తెరపై కనబడుట గమనింపదగినది. ఎమీల్ కోల్ అను ఫ్రెంచి చిత్రకారుడు 1908లో పారిసు నగరమున ప్రదర్శించిన ‘ఫాంటస్మగోరి’ నిడివి రెండు నిమిషములకు మించదు. దానికై యతడు సుమారు 700 బొమ్మలు గీసెనని చెప్పుదురు. ఆరంభమున నొక చేయి తెరపైకి వచ్చి విదూషకుని బొమ్మ గీయును. కడపట నా విదూషకుడు పడి విరుగగా చిత్రకారుని చేతులు మరల ప్రవేశించి యతని నతికించును.

అమెరికాలో పత్రికలకు బొమ్మలు గీయు విన్సర్ మెకే ఇంకొక యడుగు ముందునకు వేసెను. 1911లో వచ్చిన చిత్రమున నతడు స్వయముగా కనబడి, నాలుగువేల బొమ్మలు గీసి కదిలించెదనని మిత్రులతో పందెము వేయును. 1914లో ‘గెర్టీ’ యను రాక్షసిబల్లి బొమ్మను తెరపై నాడించుచు, తాను కొరడా చేతబట్టి రంగస్థలముపై నిలిచి దానికి ఆజ్ఞలిచ్చెను. ప్రదర్శనాంతమున నతడు తెర వెనుకకు తప్పుకొనును. ఆ క్షణముననే గీసిన మెకే తెరపై ప్రవేశించి యా జంతువు వీపుపై నెక్కి వెడలిపోవును. మన కథలలోని పరకాయప్రవేశము వంటిది యిది. అయితే యతడు ప్రవేశించినది పరకాయము గాదు, తాను గీసికొన్న తన కాయమే.

కొలదికాలమునకే మాక్స్ ఫ్లైషర్, నటించుచున్న మనిషిని ముందు ఫిల్మునకెక్కించి, ఒక్కొక్క చట్రముపై గీతలు గీయు యంత్రమును కల్పించి, 1917లో దానిపై హక్కుపత్రము పొందెను. విదూషకవేషము వేసికొని కెమెరా ముందు నిలిచినవాడు అతని తమ్ముడు డేవ్. అట్లు పుట్టిన విదూషకుడు మాక్స్ బల్లపై నున్న సిరాబుడ్డినుండి వెలువడి మరల దానిలోనికే పోవును.

ఇవి స్వీయచరిత్రలు గావు, గారడీకి దగ్గరివి. అయినను గీసినవాడును గీయబడినదియు నొకే తెరపై కలిసికొనుట యను బీజము వీనియందు గలదు. ఆ బీజము మొలకెత్తుటకు అర్ధశతాబ్దమునకు పైగా పట్టినది.

1973లో అమెరికను కళాకారుడు ఫ్రాంక్ మూరిస్ తన భార్య కారొలీన్ సాయముతో ‘ఫ్రాంక్ ఫిల్మ్’ అను తొమ్మిది నిమిషముల చిత్రమును నిర్మించెను. పత్రికలనుండి కత్తిరించిన పదకొండువేలకు పైబడిన బొమ్మలు – తినుబండారములు, మోటారుకార్లు, పాదరక్షలు, ముఖములు – తెరపై వఱదవలె ప్రవహించును. రెండు కంఠధ్వను లేకకాలమున వినబడును. రెండును మూరిసువే. ఒకటి పుట్టుకనుండి తన జీవితమును వినిపించును. రెండవది ఆంగ్లమున ‘ఎఫ్’ అక్షరముతో మొదలగు పదములను వరుసగా నప్పగించును. ఆ చిత్రమునకు ఆస్కారు బహుమానము లభించినది. కథ తనది, కాని బొమ్మలలో నొక్కటియు తాను గీసినది గాదు. అంగడి వస్తువుల బొమ్మల నడుమ పెరిగిన మనిషికి ‘నేను’ అను రూపము కూడ నచటనుండియే దొరకినదని యా చిత్రము తెలుపుచున్నది. తన బొమ్మను లోకమెంత గీసినది, తానెంత గీసికొన్నాడు అను ప్రశ్న యిచట తొలిసారిగా స్పష్టమైనది.

3. స్మృతి, మౌనము, మైత్రి

తరువాతి కాలమున నిట్టి చిత్రములు పెక్కు వెలువడినవి. వానిలో మూడింటిని మాత్రము విచారింతము.

మర్జాన్ సత్రపి 1969లో ఇరానుదేశమున జన్మించెను. విప్లవమును, యుద్ధమును చూచిన తన బాల్యమును, వియన్నాలో నొంటరిగా గడపిన కౌమారమును బొమ్మలకథగా గీసి 2000 – 2003 నడుమ నాలుగు సంపుటములుగా ఫ్రాన్సున ప్రకటించెను. దానిని 2007లో తానును, వాన్సాన్ పరొనో యను చిత్రకారుడును గలిసి ‘పర్సెపోలిస్’ అను చలనచిత్రముగా మలచిరి. ఆ సంవత్సరమే కాన్ చిత్రోత్సవమున దానికి న్యాయనిర్ణేతల బహుమానము వచ్చినది. విమానాశ్రయమున కూర్చున్న నాయిక వర్తమానము రంగులలో నుండును. ఆమె గతమంతయు నలుపు తెలుపులలో సాగును.

ఈ చిత్రమున హృదయస్థానము నాయిక అవ్వ. ఆమె నిత్యము రవికలో మల్లెపూలుంచుకొనును. ఆ పూలు తెరపై రాలుట పలుమారులు చూతుము. పరిమళమును కెమెరా పట్టజాలదు. గీతయును పట్టజాలదు గాని, మనుమరాలి స్మృతిలో నది యెట్లు నిలిచినదో చూపగలదు. వియన్నాలో నొకనాడు నాయిక తాను ఇరానుదేశీయురాలనన్న సంగతి దాచి ఫ్రెంచివనితనని చెప్పుకొనును. వెంటనే అవ్వ మందలింపు ఆమె చెవులలో మ్రోగును. తన్ను తాను కాదనుకొన్నప్పుడు కాదని గుర్తుచేయువారు లోపల నొకరుండవలెను. ‘నేను’ అనునది ఒంటరి పదము గాదని యీ ఘట్టము చెప్పుచున్నది.

రెండవది ఇజ్రాయెలు దర్శకుడు ఆరి ఫోల్మన్ 2008లో నిర్మించిన ‘వాల్ట్జ్ విత్ బషీర్’. 1982 నాటి లెబనాను యుద్ధమున నతడు పందొమ్మిదేండ్ల సైనికుడు. ఆ సెప్టెంబరున బెయిరూతులోని సబ్రా, షతిలా శిబిరములందు పాలస్తీనీయుల నూచకోత జరిగినప్పుడు తానెచట నుండెనో యతనికి జ్ఞప్తి లేదు. నాటి సహచరులను వెదకి ప్రశ్నించుటయే కథ. మరచినదానికి ఛాయాచిత్రముండదు. కలను, మరపును, పొరపాటు జ్ఞాపకమును చూపుటకు బొమ్మయే తగినది. చివరి నిమిషమున బొమ్మలు తొలగి, ఆనాటి వార్తాచిత్రములోని మృతదేహములు, రోదించు స్త్రీలు కనబడుదురు. బొమ్మకు గల యెల్లను చిత్రకారుడు తానే గీసికొన్నాడు. అయితే యిచట నొక లోపమును చెప్పక తప్పదు. సైనికుని మరపు వివరముగా చిత్రింపబడినది. చంపబడినవారు మాత్రము తమ కథ తాము చెప్పుకొనలేదు. ఒకని యాత్మశోధన యింకొకరి మౌనముపై నిలిచినపుడు ఆ మౌనమునుగూడ పాఠకుడు వినవలెను.

మూడవది 2021లో డెన్మార్కు దర్శకుడు యోనస్ పోహర్ రాస్ముసెన్ నిర్మించిన ‘ఫ్లీ’. కథానాయకుడు కాబూలునుండి మాస్కోకు, అచటినుండి డెన్మార్కునకు చేరిన శరణార్థి. దర్శకునకు కౌమారమునుండి స్నేహితుడు. తెరపై వాడిన అమీన్ అను పేరు మారుపేరు. ముఖము గీసిన ముఖము. కంఠము మాత్రము అతనిదే. తనవారెవరును మిగులలేదని చెప్పి యతడు ఆశ్రయము పొందెను. వారు బ్రతికియున్నారన్న సత్యమును ఏండ్లతరబడి దాచవలసి వచ్చినది. మిక్కిలి దుస్సహమైన ఘట్టములందు గీతలు చెదరి బొగ్గుమరకలవలె నగును. ఈ చిత్రము ఆస్కారు బహుమానములకు బొమ్మలచిత్రముగను, వాస్తవచిత్రముగను, విదేశభాషాచిత్రముగను నొకేసారి పరిశీలనకెక్కిన మొదటి చిత్రము.

లెజూన్ లక్షణము ననుసరించిన నిది స్వీయచరిత్ర కాదు. గీసినది వేరొకరు, పేరు మారినది. కాని ముఖము దాచుటచేతనే మనిషి తన కథను బయటపెట్టగలిగెను. ఇచట పేరు చేయవలసిన పూచీని మైత్రి చేసినది. చెప్పినవాని సమ్మతితో మిత్రుడు బొమ్మను పూర్తిచేసినాడు. సమ్మతి లేకుండ పూర్తిచేసినచో నేమగునో యిక ముందు చూతము.

4. నీనా పేలీ – సీత

మన కథతో నేరుగా సంబంధించిన చిత్రము 2008లో వెలువడిన ‘సీతా సింగ్స్ ది బ్లూస్’. దీని కర్త్రి అమెరికను చిత్రకారిణి నీనా పేలీ. 2002లో ఆమె భర్తకు తిరువనంతపురమున నుద్యోగము దొరకగా నామె వెంట వచ్చెను. పనిమీద న్యూయార్కు వెళ్లియున్న సమయమున, తిరిగి రావలదని భర్తనుండి ఈమెయిలు వచ్చినది. భారతదేశముననే ఆమెకు రామాయణముతో పరిచయము. సీతాపరిత్యాగమున నామె తన కథను చూచుకొనెను. ఇంచుమించు నైదేండ్లపాటు ఇంటిలోని కంప్యూటరుపై, పెక్కుభాగము తానొక్కతెయే, ఎనుబదిరెండు నిమిషముల చిత్రమును పూర్తిచేసెను. అదే సంవత్సరమున అనెసీ చిత్రోత్సవమున నది యత్యుత్తమచిత్రముగా గౌరవింపబడినది.

ఈ చిత్రమున నాలుగు రీతుల గీతలు గలవు. తన జీవితఘట్టములను పేలీ వణకుచున్న యనాడంబరమైన గీతలతో గీసెను. రామాయణ సంభాషణలు రాజపుత్రశైలి చిత్రపటములను పోలియుండును. పాటలు పాడు సీత నున్నని కంప్యూటరు గీతలతో నుండును; ఆమె నోట వినబడునది 1920 – 30 ప్రాంతములందు గ్రామఫోనునకు పాడిన అమెరికను గాయని ఆనెట్ హాన్షా కంఠము. ఇక కథ చెప్పువారు ముగ్గురు నీడబొమ్మలు. వీరికి వ్రాసియిచ్చిన సంభాషణ లేదు. ముగ్గురు భారతీయులు తమకు గుర్తున్న రామాయణమును మాటలాడుకొనుచు, పేర్లు మరచుచు, ఒకరినొకరు దిద్దుకొనుచుందురు. హనుమంతుడు వచ్చినపుడే సీత యేల అతనితో వెళ్లలేదని వాదించుకొందురు.

ఒక్క ‘నేను’నకు ఇన్ని రూపములేల? తన దుఃఖము తనకు చిన్నదిగా, వంకరగా, నవ్వు పుట్టించునదిగా కనబడినది. సీత రూపమున నదే దుఃఖము సౌష్ఠవము పొందినది. ఒక దానిలో గుర్తింపు గలదు. రెండవదానిలో బంధుత్వము గలదు. రెండింటి నడుమ రాకపోకలే యా చిత్రము.

ఒక విదేశవనిత సీతను తన కథకు వాడుకొనుట తగునాయని కొందరు నిరసించిరి. ఆ చిత్రమునందలి హాస్యము భక్తులకు బాధ కలిగింపగలదన్న మాట కాదనరానిది. కాని సీతయందు తన్ను చూచుకొనుట విదేశీయులు తెచ్చిన వింత గాదు. దానికి మన పాటలే సాక్ష్యము.

5. సీత గీసిన బొటనవ్రేలు

తెలుగు స్త్రీల రామాయణపు పాటలను కృష్ణశ్రీ సంపాదకత్వమున 1955లో అచ్చైన సంపుటమున చూడనగును. వీనిని గూర్చి వెల్చేరు నారాయణరావుగారు 1991లో ఆంగ్లమున ప్రకటించిన వ్యాసము ప్రసిద్ధము. ఈ పాటలలో యుద్ధములకంటె పురుడు, వేవిళ్లు, అత్తవారింటి పరిహాసములు, ఊర్మిళ నిద్ర మున్నగు గృహవిషయములకు ప్రాధాన్యము మెండు.

వానిలో నొక కథ మా విచారమునకు ముఖ్యము. అన్నచావునకు పగ తీర్చుకొనగోరి శూర్పణఖ మారువేషమున అయోధ్యకు వచ్చి రావణుని బొమ్మ గీసియిమ్మని సీతనడుగును. తానాతని కాలి బొటనవ్రేలు తప్ప చూడలేదని సీత చెప్పి, అంతమాత్రమే గీసియిచ్చును. శూర్పణఖ మిగిలిన రూపమును పూర్తిచేసి, బ్రహ్మవలన దానికి ప్రాణము పోయించును. ప్రాణము వచ్చిన బొమ్మ సీతను వదలదు. అంతఃపురస్త్రీలు దానిని నాశము చేయబూనియు చేయజాలరు. తుదకు రాముడు దానిని కనుగొని సీతపై ననుమానపడి యామెను విడనాడును. ఇల్లాండ్రందరు సీత పక్షముననే నిలుతురు. వంగదేశమున చంద్రావతి రచించిన రామాయణమున గూడ ఇట్టి కథ కలదు. అచట బొమ్మ గీయుమన్నది కైక కూతురు కుకుయ.

ఈ కథను బొమ్మల చలనచిత్రపు దృష్టితో చదువుట యుచితమని మా యభిప్రాయము. ఇది కదలు బొమ్మ కథ. సీత తాను చూచినంతమాత్రమే గీసినది. అది సత్యమైన రేఖ. మిగిలినదానిని పరులు పూరించిరి. పూరించిన బొమ్మకే ప్రాణము వచ్చినది, దానికే లోకము సాక్ష్యము పలికినది, దానికే సీత శిక్ష ననుభవించినది. స్త్రీ గీసిన గీత యెంత, ఆమె పేర చెలామణియగు బొమ్మ యెంత – ఈ వ్యత్యాసమును పాట పాడిన స్త్రీలు చక్కగా నెఱిగియుండిరి. సత్రపి, పేలీ మున్నగువారు చేసినది, బొటనవ్రేలితో నాగక తమ బొమ్మను తామే తుదిదాక గీసికొనుట.

భేదము నొకటి చెప్పవలెను. పాటలు పాడిన స్త్రీలు పేర్లు పెట్టుకొనలేదు. పాట యందరిది గనుక దుఃఖమును అందరిదైనది. పేలీ చిత్రమున పేరు గలదు. కాని యామె చిత్రము తుదకు పాట నడచిన త్రోవనే నడచినది. హాన్షా పాడిన పాటల రచనలపై హక్కులు గలవారు మొదట రెండు లక్షల ఇరువదివేల డాలర్లు కోరిరి. తరువాత నేబదివేలకు ఒప్పందము కుదిరినది. ఈ యనుభవము పిమ్మట పేలీ 2009లో తన చిత్రమును ఎవరైనను చూడవచ్చును, పంచవచ్చునని విడుదల చేసి, 2013లో మిగిలిన హక్కులను గూడ వదలుకొనెను. తన బొమ్మను తాను పూర్తిచేసికొనిన పిదప దానిని లోకమునకు ధారపోయుట వేరు. పూర్తిగాకమున్నే లోకము లాగికొనుట వేరు.

6. తోలుబొమ్మల తెర

నీడబొమ్మలచేత కథ చెప్పించుట చూడగానే తెలుగువారికి తోలుబొమ్మలాట జ్ఞప్తికి వచ్చును. పేలీ బొమ్మల రూపము ఇండోనేసియా దీవుల ఛాయానాటకములకు దగ్గర. మన యాటనుండి యామె గ్రహించెనని మేము చెప్పుటలేదు. పోలిక ధర్మమున గలదు. పాల్కురికి సోమనాథుని పండితారాధ్యచరిత్రమున బొమ్మలాటల ప్రశంస కలదు. మేకతోలు పదునుచేసి, రంగులు దిద్ది, దీపమునకు తెల్లని తెరకు నడుమ నాడించు నీ కళను అనంతపురపు సీమలోని నిమ్మలకుంట వంటి గ్రామములందు కుటుంబములు నిలుపుకొనివచ్చినవి. రాముడును సీతయు తెరపై నుండగా జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు నడుమ దూరి, నేటి మాటలతో నాటి కథను ఎగతాళి చేయుదురు. పేలీ చిత్రములోని మూడు నీడలు చేయు పని యిదియే. పురాణము పురాణముగా నిలిచియు, ఈనాటి మనిషికి దానిలో నోరు లభించుట యీ పద్ధతి ఫలము.

అయితే తెర వెనుక నిలిచి రామునకు, సీతకు, రావణునకు కంఠమిచ్చినవారి ముఖము తెరపై నేనాడును పడలేదు. మెకే వలె వారు తమ బొమ్మలోనికి ప్రవేశింపలేదు. వారి జీవితములు మన సాహిత్యచరిత్రలలో నొకటి రెండు వాక్యములకు మించవు.

ఉపసంహారము

ఇంతవరకు చెప్పినదానిని సంగ్రహింతము. బొమ్మల చలనచిత్రమున గీయు చేయియు గీయబడు రూపమును ఒక్కరివే యగుటచేత స్వీయచరిత్ర కచట చోటు గలదు. మరచినదానిని, దాచవలసినదానిని, పరిమళము వంటి పట్టరానిదానిని చూపుటకు గీత సమర్థము. తన్ను గూర్చి చెప్పుకొనుటకు అవ్వ, సహచరుడు, మిత్రుడు, సీత – ఎవరో యొకరు తోడు కావలెను. ఆ తోడు సమ్మతితో వచ్చినచో బొమ్మ నిండును. సమ్మతి లేక వచ్చినచో అది శూర్పణఖ పూరించిన బొమ్మ యగును.

ఈ నిర్ణయము మన శాఖల పనికిని వర్తించును. అచ్చుపుస్తకమునే స్వీయచరిత్రగా లెక్కించినంతకాలము, అక్షరము చేతికందని వారి ‘నేను’ మన పరిశోధనలకు వెలుపలనే యుండును. తోలుబొమ్మల కుటుంబములవారి జీవితములను, పాటలు పాడు వృద్ధస్త్రీల జీవితములను సేకరించు పరిశోధకులు, వారు చెప్పినది బొటనవ్రేలంతయైనచో అంతయే వ్రాసికొనవలెను. మిగిలిన రూపమును తమ సిద్ధాంతముతో పూరింపక, దానిని వారికి చదివి వినిపించి, వారిచేతనే పూర్తిచేయింపవలెను. ఈ నియమము పాటింపబడిననాడు మన స్వీయచరిత్రల పట్టికలో ఇంతవరకు లేని పేర్లు పెక్కు చేరగలవు.